పిల్లగాలికి ఊగిన పొగగొట్టం

మా అక్క భర్తను ఫ్యాక్టరీలో అందరూ ఉడుము అనేవారు. ఇరవై ఆరేళ్లుగా పొగగొట్టాలెక్కి, పగుళ్లు పూడ్చి, రంగులేసి, దీపాలు మార్చి బతికిన మనిషి. పట్టు పడితే వదలడు. నేల మీద మాటలోనూ అంతే, ఉదయం అక్కతో మొదలుపెట్టిన పేచీ రాత్రి భోజనాల దాకా సాగేది. నేను అదే ఫ్యాక్టరీలో ఇంజనీరును. దాచుకోవడమెందుకు, నాలుగు పుస్తకాలు చదివిన పొగరు నాకు బాగానే ఉండేది.

ఒకసారి హోరుగాలిలో పాత ఇటుక గొట్టమెక్కి, ఊడిపోతున్న ఇనుప పట్టీ బిగించి దిగాడు బావ. అలాంటివాడు, కొత్త ఉక్కు గొట్టం పైన మాడిపోయిన ఎర్ర దీపం మార్చమంటే ఎక్కనని కూర్చున్నాడు. ఆ రోజు వీస్తున్నది హాయిగా ఒంటికి తగిలే పిల్లగాలి.

"ఇది ఊపే గాలి రా. పడమటి నుంచి వీస్తోంది కదా, గొట్టం మాత్రం ఉత్తరానికీ దక్షిణానికీ కదుల్తోంది. అడుగున బోల్టు మీద చెయ్యేసి చూడు, తెలుస్తుంది."

"వయసైపోయింది బావా నీకు," అన్నాను నలుగురిలో. గాలి ఒకవైపు తోస్తే గొట్టం ఇంకోవైపు ఊగడమేమిటని పగలబడి నవ్వాను. ఆ ఊపులోనే నడుముకు బెల్టు బిగించి నేనే ఎక్కాను.

నూట యాభై అడుగుల పైన, దీపం పక్కనున్న ఇనుప అరుగు మీద నిలబడ్డాక గొట్టం కదిలింది. బావ చెప్పినట్టు గాలికి అడ్డంగానే. మొదట జానెడు, కాసేపటికి మూరెడు. కింద షెడ్లు ఎడమకు జరిగి, మళ్లీ కుడికి జరుగుతున్నాయి. నిచ్చెన మీద కాలు మోపబోతే గొట్టం నన్ను విదిలించబోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. దిగలేను, ఇక్కడే పోతాను అనుకున్నాను.

ఇంతలో నిచ్చెన మీద బావ తల కనిపించింది. పైకొచ్చి, తన తాడుతో నన్ను కటకటాలకు కట్టేశాడు.

"కదలకు. గాలి పెరగనీ."

"పెరగడమా? నీకు పిచ్చెక్కిందా బావా!"

"ఉయ్యాలని దాని వరసలో తోస్తే చిటికెన వేలు చాలు. గాలి గుండ్రటి గొట్టాన్ని దాటేటప్పుడు ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క సుడి వదుల్తుంది. ఇన్నేళ్లూ పొగలో చూస్తూనే ఉన్నా. ఇప్పుడు ఆ వరసా గొట్టం వరసా కలిశాయి. గాలి పెరిగితే తప్పుతాయి."

ఆ సుడుల సంగతి నేను కాలేజీలో చదివాను. పరీక్షలో బొమ్మ గీసి పూర్తి మార్కులు కొట్టేశాను. నేను చదివింది దీని గురించేనని ఆయన చెబితే గాని తట్టలేదు.

పడమట మబ్బు కమ్మింది. గాలి ఒక్కసారిగా విరుచుకుపడి నా టోపీ ఎత్తుకుపోయింది. కళ్లు మూసుకుని గొట్టాన్ని కావలించుకున్నాను. ఊపు తగ్గుతూ వచ్చింది. మూరెడు జానెడైంది, జానెడు బెత్తెడైంది, తర్వాత ఏమీ లేదు. అంత హోరులో ఆ గొట్టం గోడలా నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. కంటికి కనబడని గాలి అంత ఉక్కునూ చిటికెన వేలితో ఊపింది, బలమంతా చూపించే వేళకి వదిలేసింది. అంతటి వింత నా జన్మలో మళ్లీ చూడలేదు.

"ఇప్పుడు దిగు," అన్నాడు బావ.

నెల తిరక్కుండా ఆ గొట్టం పైభాగానికి మెలికలుగా ఉక్కు పట్టీలు చుట్టించాం. అవి ఉంటే సుడులకు వరస కుదరదు. వెల్డింగ్ అంతా ఆయనే దగ్గరుండి చేయించాడు. పని ముగిసిన రోజు, ఇన్నాళ్లూ అడగలేకపోయిన మాట అడిగేశాను.

"ఎక్కనని భీష్మించుక్కూర్చున్నావు కదా బావా. మరి ఎందుకెక్కావు?"

ఆయన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నా వైపు చిరాగ్గా చూశాడు.

"దీపం కోసం ఎక్కనన్నాను రా. నీ కోసం ఎక్కనన్నానా?"