పదకొండు నిమిషాల గోడ

మా వదిన నహ్లా మాటంటే మాటే. అలెప్పో నగరం తూర్పు పేటల్లో ఆ పేరు మీదే ఆవిడ బతికింది. నా సంగతి వేరు. నా నోట్లో నువ్వుగింజ నానదు. నేను పెళ్ళికూతుళ్ళకు జడలు వేసేదాన్ని, ఆవిడ వీడియో తీసేది.

మా పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ హాలు వేరు. తలమీద గుడ్డలు తీసి పారేసి, అత్తలూ కోడళ్ళూ పూనకం వచ్చినట్టు గెంతుతారు. ఆ వీడియో పరాయి మగవాడి కంటపడితే కొంపలు అంటుకుంటాయి. అందుకని నహ్లా పెళ్ళికూతురి తల్లికి ఒక్క కాపీ ఇచ్చి, ఆవిడ కళ్ళముందే తన కెమెరా కార్డు చెరిపేసేది. అక్కడితో ఆగేది కాదు. చెరిపినా కంప్యూటర్ షాపు కుర్రాళ్ళు బయటికి లాగుతారని, అదే కార్డు నిండేదాకా ఎదురుగా ఉన్న గోడను తీసేది. రెండు గంటల పెళ్ళికి రెండు గంటల గోడ.

"ఏం వదినా, గోడకు కూడా పెళ్ళా?" అని ఏడిపించేదాన్ని.

"గోడ మేలమ్మా ఖమర్. నీలాగా ఊరంతా చాటదు" అనేది.

యుద్ధం మొదలయ్యాక జడలూ లేవు, వీడియోలూ లేవు. రెండో ఏడు రొట్టెల క్యూలో నిలబడ్డ మా అన్న మళ్ళీ ఇంటికి రాలేదు. నాలుగో ఏడు చుట్టూ దారులు మూసేశారు. అప్పుడు మా వీధి కుర్రాడు రవాద్, టర్కీలో సినిమాలు తీసేవాడు, ఫోన్ చేశాడు. బాంబుల కింద ఆడవాళ్ళు రోజెలా గడుపుతున్నారో తీసి పంపమన్నాడు. మగవాళ్ళను ఎవరు రానిస్తారు మా మధ్యకి? నహ్లా తప్ప దిక్కులేదు.

సెల్లార్‌లో మేం ఏడు కుటుంబాల వాళ్ళం. అందరిలోకీ పెద్దనోరు నిజార్ అమ్మది (నా తరువాత). ఆవిడ ఇల్లు వేసవిలో నాలుగంతస్తులూ కూలింది. ఆల్బమ్, ఫోన్లు, కొడుకు నిజార్, అన్నీ దాని కిందే ఉన్నాయి. మిగిలింది ఒక్క కూతురు జుమానా, పదిహేడేళ్ళది.

"తియ్యి, కానీ పెళ్ళి షరతే" అంది నిజార్ అమ్మ. "తల కప్పుకోనిదీ, పెళ్ళికాని పిల్లదీ ముఖం పడితే మా ముందే చెరిపెయ్యాలి."

నహ్లా ఒప్పుకుంది. మేం ప్లాస్టిక్ చెప్పులు కాల్చి పొయ్యి వెలిగించడం, పప్పు పిండితో రొట్టెలు చేసి అవి విరిగిపోతే తిట్టుకోవడం, రోడ్డు పక్క గడ్డి ఏరుకొచ్చి ఉడకేయడం, ఇవన్నీ తీసింది. సాయంత్రం అందరం ఆ చిన్న తెర చుట్టూ మూగేవాళ్ళం. ఇది ఉంచు, అది తీసెయ్యి అనేవాళ్ళం. తీసెయ్యమన్నదల్లా గోడ అయిపోయేది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం హెలికాప్టర్ సరిగ్గా మా నెత్తిమీదికొచ్చి ఆగింది. పేలుడు మందు కూరిన డ్రమ్ము ఎప్పుడు వదులుతాడో తెలీదు. పిల్లలు గుక్కపట్టారు. జుమానా చెంబెడు నీళ్ళతో తల రుద్దుకుంటోంది. ఆ తడిజుట్టుతోనే లేచి, ఖాళీ నెయ్యి డబ్బా చంకలో పెట్టుకుని దరువేసింది. నన్ను అనుకరించడం మొదలెట్టింది. పెళ్ళికూతురి జుట్టు పీకుతూ ఊళ్ళో వాళ్ళందరి పెళ్ళిళ్ళూ నేనెలా చెడగొడతానో, ఆ మూతి తిప్పడం, ఆ నడుం మీద చెయ్యి, అచ్చు నేనే! ఏడుస్తున్న పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. రెండు వీధుల అవతల డ్రమ్ము పడింది. పైనుంచి సున్నం రాలింది. ఆ పిల్ల దరువు ఆపలేదు. నిజార్ అమ్మ నోటికి తలగుడ్డ చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కొడుకు పోయాక అదే మొదటిసారి.

నహ్లా మొత్తం తీసింది. పదకొండు నిమిషాలు.

సాయంత్రం చూశాక నిజార్ అమ్మ, "బాగుంది. ఇక చెరిపెయ్" అంది.

అప్పుడు మా వదిన జన్మలో అడగనిది అడిగింది. "ఇదొక్కటీ ఉంచుకోనివ్వు. రవాద్‌కి పంపను. నా దగ్గరే దాచుకుంటాను."

నిజార్ అమ్మ మెత్తబడింది. నావైపు చూసింది. జుమానా నన్ను వెక్కిరించిందన్న ఉక్రోషమో ఏమో, పాపిష్టి నోరు ఊరుకోలేదు.

"బాగానే ఉంది! జుట్టు విరబోసుకుని గెంతే పిల్లను లోకమంతా చూశాక ఎవడు చేసుకుంటాడే దీన్ని? చెరుపు!"

నిజార్ అమ్మ ముఖం బిగుసుకుంది. నహ్లా చెరిపింది. కెమెరా గోడవైపు తిప్పి కూర్చుంది.

ఐదో రోజు జుమానా కుళాయి దగ్గరికి వెళ్ళింది. తోపుడుబండి మీద తెచ్చారు. ముఖం చూడనివ్వలేదు తల్లిని. చూడదగ్గట్టు లేదు. నేనే చుట్టాను గుడ్డ.

మూడోనాడు నిజార్ అమ్మ నహ్లా ముందు చతికిలబడింది.

"నిజం చెప్పు. చెరపలేదు కదూ? కెమెరా వాళ్ళు దొంగచాటుగా ఒకటి దాచుకుంటారటగా. నేనేమీ అనను, ఒట్టు."

"చెరిపేశాను."

"మోసం చేశానని చెప్పవే! కాళ్ళు పట్టుకుంటాను. నా పిల్ల ముఖం నాకు గుర్తు రావట్లేదే..."

మా వదిన ఏడవలేదు. కార్డు తెచ్చి కెమెరాలో పెట్టింది. "ముఖం లేదు. గోడ ఉంది" అంది.

తెర మీద సున్నం పెచ్చులూడిన గోడ. గోడ తప్ప ఏమీ లేదు. కానీ ఆ సాయంత్రం కెమెరా గోడవైపు చూస్తున్నంతసేపూ మేమంతా వెనకాలే కూర్చుని మాట్లాడుకుంటూనే ఉన్నాం. ముందు నా గొంతు వినిపించింది: "చూస్తుండండి, ఈ పిల్లకి పెళ్ళికొడుకు దొరికితే నా చెవి కోసుకుంటాను!" వెంటనే జుమానా. గొంతులో నవ్వు అలాగే ఉంది.

"ఖమరత్తా, ఈ గోడనే చూపించు పెళ్ళికొడుక్కి. తెల్లగా ఉంది, జుట్టూ లేదు, నోరూ లేదు. కళ్ళకద్దుకుని చేసుకుంటాడు!"

నిజార్ అమ్మ చప్పున నవ్వింది. తరువాత తెరను గుండెకు అదుముకుని ఊగిపోయింది.

ఊరు ఖాళీ చేసి బస్సులెక్కేదాకా, కారు బ్యాటరీతో కెమెరా ఛార్జి చేసుకుని రోజూ వచ్చి వినేది. ఆ కాసేపూ నేను ఎదురుగానే కూర్చునేదాన్ని. లేచిపోవచ్చు. కానీ ఆ మాటలన్నది నేనే కదా, రోజూ నా చెవులతో నేనే వినాలి. గోడ అయిపోగానే నిజార్ అమ్మ కళ్ళు తుడుచుకుని నహ్లాతో అనేది:

"మళ్ళీ మొదట్నుంచి పెట్టు. ఖమర్ తిట్టే దగ్గర్నుంచి."