నట్టుకు కాటుక

మా అత్త పోయింది. వరండాలో టీ తాగుతూ, గ్లాసు పక్కన పెట్టి, గోడకు తల ఆనించింది, అంతే. రాసేటప్పుడు ‘అత్తగారు’ అనాలని నాకూ తెలుసు. కానీ ఆమె బతికుండగా ఆ మాటంటే, ‘ఆ గార్లన్నీ ఎవులికే, నాకేనా?’ అని నవ్వేది. అందుకే అత్త అనే రాస్తున్నాను. ఆ కబురు రాయగడ దారిలో లారీలవాళ్ళే ఒకరికొకరు చెప్పుకున్నారు. తెలియనివాళ్ళు మాత్రం ఆమె ఫోనుకు చేసి, ‘పిన్నమ్మా, వీల్ నట్లున్నాయా?’ అని అడిగారు. వాళ్ళకు జవాబు చెప్పడం నాకు చాలా కష్టమైంది.

గజపతినగరంలో మాకు లారీ స్పేర్ పార్టుల కొట్టుంది. మావ పోయాక అత్త నడిపింది. నేను కోడలిగా వచ్చాక ఇద్దరం నడిపాం. కంపెనీ నట్లు అన్నివేళలా దొరకవు. బయట తయారైనవి రకరకాలు వస్తాయి, చూపుకు అన్నీ ఒకలాగే ఉంటాయి. ఎవరొచ్చి నట్లడిగినా అత్త మొదటి మాట ‘పాత నట్టేదీ?’ అనే. పాతది తేనివాడికి కొత్తది ఇచ్చేది కాదు. తెచ్చినా ఊరికే చేతిలో పెట్టదు, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని లారీ దగ్గరికి తనే వెళ్ళేది.

నట్టును ముందు వేళ్ళతో తిప్పాలి. మర సరైనదైతే హాయిగా లోపలిదాకా పోతుంది. రెండు చుట్లకే బిగుసుకుందంటే అది ఆ బోల్టుది కాదు. అక్కడ పానా వేసి బలవంతాన తిప్పేవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. ‘ఒరే, ఏళ్ళకి రానిది పానాకొస్తాదేట్రా? బోల్టు పీక పిసికేస్తన్నావు!’ అని అరిచేది.

తర్వాత కాటుక. మావ పోయాక అత్త కాటుక పెట్టుకోవడం మానేసింది. ఆ డబ్బా కొట్లోకి వచ్చింది. నట్టు అడుగున, రిమ్ముకు ఆనే చోట, వేలితో పల్చగా కాటుక రాసి, బిగించి, విప్పి చూసేది. రిమ్ము కంతలో నల్లటి గుండ్రం నిండుగా పడితే నట్టు సరిగ్గా కూర్చున్నట్టు. సన్నటి గీత పడితే అంచు మాత్రమే ఆనినట్టు. అలాంటిది ఎంత బిగించినా గోతుల రోడ్డు మీద వదులైపోతుంది. చూడడం అయ్యాక శుభ్రంగా తుడిచి, మళ్ళీ బిగింపించి, ‘బొబ్బిలిలో టీకి ఆగినప్పుడు ఇంకోపాలి పానా ఎయ్యి’ అని పంపేది.

దసరాకు లారీలు ముస్తాబు చేయడం మా వైపు పెద్ద సరదా. రిమ్ములకు ఎర్ర రంగు, నట్లకు తెల్ల రంగు. ఆ ఊపులో కంతల లోపల కూడా దళసరిగా పూసేస్తారు. రంగు అరిగిన కొద్దీ దాని మీద బిగించిన నట్టు వదులవుతుంది. పూజ మర్నాడు అత్తకు ఆ రంగు గీకించడమే పని.

‘పసుపు రాసిన సక్రం ఇప్పమంతావేటి పిన్నమ్మా?’ అని డ్రైవర్లు గొణిగేవారు.

‘ముస్తాబు సక్రానికి సెయ్యండ్రా, నట్టు కూసునే సోటుకి కాదు’ అనేది.

ఆమె కొడుకు, అంటే మా ఆయన, సొంత లారీ తోలుతాడు. ఒకసారి కొత్త రిమ్ములు కొన్నాడు. అవి కొట్టు ముందే వేయించుకుని, నౌపడలో ఉప్పు ఎత్తి, ఘాటీ ఎక్కి రాయగడ చేరాలి. పాత నట్లు వేళ్ళతో చక్కగా తిరిగాయి. కాటుక మాత్రం సన్నటి గీతే పడింది. ఆ నట్ల అడుగు గరాటులా ఏటవాలు, కొత్త రిమ్ము కంత గోళీ పట్టేలా గుండ్రం. అడుగు అలా గుండ్రంగా ఉన్న నట్లు మా కొట్లో లేవు.

‘గట్టిగా బిగించి ఎలిపోతానే అమ్మా. కిరాయి పోతాది’ అన్నాడు.

‘కిరాయి పోతే మల్లొస్తాది. సక్రం ఊడితే నివ్వొస్తావేట్రా?’

‘అందరి లారీలూ ఆపినట్టు కొడుకుదీ ఆపుతావేటి?’

‘కొడుకువి గనకే ఆపుతన్నాను’ అని తాళం లాక్కుని బొడ్లో దోపుకుంది.

ఉప్పు వేరే లారీలో వెళ్ళిపోయింది. విజయనగరం నుంచి నట్లు వచ్చేదాకా మా బండి కదల్లేదు. మా ఆయన చాలా రోజులు తల్లితో మాట్లాడలేదు. అన్నం మాత్రం ఆమె పెడితేనే తిన్నాడు. నేను మధ్యలో నలిగిపోయి, ‘నువ్వైనా పలకరించు అత్తా’ అన్నాను.

‘ఉండనీయే. నా మీద కోపానికైనా మడిసి ఉండాల గదా’ అంది.

పెద్దకర్మ అయ్యాక మా ఆయన మళ్ళీ బండి తీయవలసిన రోజు వచ్చింది. వెనక చక్రానికి ఒక నట్టు మర అరిగింది, మార్చాలి. కొట్లో నట్లు ఎక్కడుంటాయో తెలుసు, తీసుకోవచ్చు. తీసుకోలేదు. పాత నట్టు విప్పి, కిరసనాయిలుతో కడిగి, కౌంటరు మీద నా ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాకు ఏడుపు ఆగలేదు.

కాటుక డబ్బా తీసుకుని బండి దగ్గరికి వెళ్ళాను. కొత్త నట్టు వేళ్ళతో తిప్పాను. విప్పి, అడుగున కాటుక రాసి, ఆయన చేత పానాతో బిగింపించి, విప్పించాను. కంతలో గుండ్రం నిండుగా పడింది. తుడిచే గుడ్డ ఆయన చేతిలోనే ఉంది. చక్రం ముందు గొంతుక్కూర్చుని, ఆ నల్లటి గుండ్రాన్ని చూస్తూ ఉండిపోయాడు. తుడవమని నేనూ తొందరపెట్టలేదు.