చెరువులో పోసిన ఇత్తనం

మా నాయిన చేపలు పట్టి బతికేవాడు. అయినా చెరువులో పోసే చేప పిల్లలను ఒక్కనాడూ చేపలు అనలేదు. వడ్లకు, కందులకు వాడే మాటే వాటికీ వాడేవాడు: ఇత్తనం. తొలి వల లాగేదాకా చేప అన్న మాట నోట రాకూడదు, ముందే అంటే చెరువుకు దిష్టి తగులుతుందట. నేను మరిచిపోయి అన్నానా, ఇంతెత్తున లేచేవాడు.

తెలంగాణ కోసం అస్తమానం బందులు జరుగుతున్న రోజులవి. పెద్దవంగర దగ్గరి మా చెరువు ఆ ఏడు ఆలస్యంగా నిండింది. ఇత్తనం దక్కితేనే మాకు బతుకు. గాలి నింపిన నీళ్ల కవర్లలో దాన్ని ట్రాలీ ఆటోకెక్కించుకొని నాయినా నేనూ వస్తుంటే, తొర్రూరు దాటకముందే ఉద్యమం వాళ్లు రోడ్డుకడ్డంగా బండలు పెట్టి, నడిరోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి వంటావార్పు చేస్తున్నారు. ఎండ మండిపోతోంది. నిన్నటిదాకా జెండా పట్టుకొని అందరి బండ్లూ ఆపినవాడు మా నాయినే. ఇప్పుడు తన బండి వదలమని అడగడానికి సిగ్గు. కవర్లు ముట్టి చూసుకుంటూ గుడ్లప్పగించి నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. పొయ్యి దగ్గరున్న ఒక అవ్వ దగ్గరికి పోయి, "అవ్వా, మా ఇత్తనం సచ్చిపోతది, జర తొవ్వ ఇడువుండ్రి" అన్నాను.

ఆమె గరిటె పక్కన పెట్టి వచ్చి కవర్లోకి తొంగి చూసింది. పిల్లలన్నీ అడుగుకు చేరి కదలడం లేదు. "దవాఖాన బండిని ఇడిశినం, గీ ఇత్తనాన్ని ఇడువమా?" అని తోటి ఆడవాళ్లను కేకేసింది. అప్పటికి నాయిన నోరు పెగిలింది. "జర ఊపుండ్రి అక్కా, నీళ్లు కదిలితేనే గాలి అందుతది." రోడ్డు మీది బండలు తీసేలోపు వాళ్లంతా కవర్లు నీడకు తెచ్చి, ఒళ్లో పెట్టుకొని మెల్లగా ఊపారు.

చెరువు చేరాక నాయిన కవర్లను మూతి విప్పకుండానే నీళ్ల మీద వదిలాడు. లోపలి నీళ్లు చెరువంత చల్లబడకముందే విప్పితే ఇత్తనం దక్కదు. "విప్పరాదే నాయినా" అని నేను ప్రాణం తీస్తుంటే, "ఆగు బిడ్డా" అన్నాడు. చివరికి ఒక కవరు విప్పి వంచాడు. పిల్లలు పొట్టులాగా పైన తేలాయి. ఏ కదలికా లేదు. ఏడుపొచ్చేసింది నాకు. అంతలో ఒకటి తోకాడించింది. దాని వెనక గుంపంతా మిలమిల్లాడి లోపలికి జారిపోయింది.

"చేపలు! బిడ్డా, చేపలు!" మొలలోతు నీళ్లలో నిలబడి నాయిన అరుస్తున్నాడు. దిష్టి సంగతి నేను గుర్తు చేయలేదు.