కైమా అయితే నా ఇష్టం

మా బావకి కోపం రావడం నేను ఒక్క విషయంలోనే చూశాను. కైమాతో చేసిన బర్గర్‌ని లోపల సగం పచ్చిగా, ఎర్రగా ఉంచి ఇమ్మని ఎవరైనా అడిగితే చాలు, మనిషి మారిపోయేవాడు. మిగతా వేళల్లో ఎవరేమన్నా "సరేలే" అని ఊరుకునే రకం. మా అక్క పంతొమ్మిదేళ్లుగా తిడుతూనే ఉంది, ఆయన పంతొమ్మిదేళ్లుగా సరేలే అంటూనే ఉన్నాడు.

మా ఇద్దరి పనీ ఒకే రెస్టారెంటులో. ఆయన వంటింట్లో గ్రిల్ దగ్గర, నేను బయట వడ్డన. పొద్దున్నే కూరగాయలు తరిగే పని కూడా నాదే. వంటింట్లో అందరూ ఆయన్ని బొగ్గు బాబాయ్ అనేవారు. ఆ పేరు పెట్టినవాళ్ల నోట్లో మన్ను పడ! ఆయన ఏనాడూ ఏదీ మాడ్చింది లేదు. స్టేక్ అనే మందపాటి మాంసం ముక్కని వేలితో ఒక్కసారి నొక్కి లోపల ఎంత ఎరుపుందో చెప్పేసేవాడు, కోసి చూస్తే సరిగ్గా అంతే ఉండేది. ఎర్రగా అడిగినవాళ్లకి సంతోషంగా ఎర్రగానే ఇచ్చేవాడు. ఎవరైనా స్టేక్‌ని పూర్తిగా కాల్చమంటే, "ముందు వాళ్లకి పళ్లున్నాయో లేదో చూసి రావే, నమల్లేక తర్వాత నన్ను తిట్టుకుంటారు" అని నన్ను ఆటపట్టించేవాడు.

"ముక్క అయితే వాళ్ల ఇష్టం, కైమా అయితే నా ఇష్టం" అన్నది ఆయన మాట. ఆ తేడా ఎందుకని చేరిన కొత్తలో అడిగాను.

"ముక్కకి క్రిములేమైనా ఉంటే పైపైనే ఉంటాయే. సెగ తగలగానే చస్తాయి. దాన్నే మరలో వేసి తిప్పావనుకో, పైనున్నదంతా లోపలికి పోతుంది. ఇక లోపల కాలకపోతే పూచీ ఎవరిది? తిన్నవాడిదా, నాదా?"

గిన్నెలు తోమడంతో మొదలుపెట్టి ఆ గ్రిల్ ముందుకి రావడానికి ఆయనకి పదకొండేళ్లు పట్టింది. ఆ స్థానమంటే ఆయనకి ప్రాణం. సెలవు రోజున కూడా ఏదో వంక పెట్టుకుని వచ్చి గ్రిల్ తుడిచి వెళ్లేవాడు.

పాత యజమాని ఆయన జోలికి వచ్చేవాడు కాదు. ఆ పెద్దాయనకి ఒంట్లో బాగుండక రెస్టారెంటు ఆయన కోడలి చేతికి, అంటే మా మేడమ్ చేతికి వచ్చింది. చెడ్డ మనిషి కాదు, కాకపోతే ఎక్కడేం కొత్తగా చూసినా మర్నాడే మా దగ్గర ఉండాలంటుంది. 'బర్గర్ మీరు కోరినట్టు: ఎర్రగా, దోరగా, పూర్తిగా' అని మెనూలో అచ్చు వేయించింది. బావ మాత్రం అన్నిటినీ లోపలిదాకా కాల్చే పంపాడు. ప్లేట్లు వెనక్కొచ్చాయి. వచ్చిన ప్రతి ప్లేటుకీ బయట మాటలు పడింది నేను.

నెల తిరక్కుండానే మేడమ్ ఆయన్ని పిలిచి తేల్చి చెప్పింది. "బాబాయ్, మీరంటే నాకు గౌరవమే. కానీ ఇంకొక్క ప్లేటు వెనక్కొచ్చిందంటే గ్రిల్ వేరేవాళ్లకి ఇచ్చేస్తాను."

ఆ రోజు మధ్యాహ్నం ఆయన మూలనున్న స్టూలు మీద చేతులు వేలాడేసుకుని కూర్చున్నాడు. అప్పుడు నా బుర్రలో పుట్టింది ఆ పాడు ఆలోచన. బీట్‌రూట్ సన్నగా తురిమి కైమాలో కలిపితే ఎంత కాల్చినా లోపల ఎర్రగానే ఉంటుంది కదా!

"తప్పు కదే" అన్నాడు బావ.

"ఎవరికి తప్పు? బీట్‌రూట్ తింటే రక్తం పడుతుంది" అన్నాను నేను. నా నోటికి అడ్డేముంది!

సరేలే అన్నాడు. ఎర్రగా అడిగేవాళ్ల కోసం వేరే గిన్నె పెట్టాం. మూడు నెలలు హాయిగా గడిచిపోయింది. రోజూ కిటికీ పక్కన కూర్చునే లాయరుగారైతే "ఇన్నాళ్లకి మీ వంటవాడికి చెయ్యి తిరిగింది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. అది విని నేను లోపలికొచ్చి పడీపడీ నవ్వేదాన్ని. బావ నవ్వేవాడు కాదు.

ఒక శనివారం పొద్దున నేను ఆలస్యంగా వచ్చాను. జనం అప్పటికే నిండిపోయారు. విడివిడిగా ఎవరు కలుపుతారులే అని ఉన్న కైమా మొత్తంలో తురుము కలిపి రెండు గిన్నెల్లోనూ పడేశాను. బావకి చెబుదామనుకున్నాను, బయటి నుంచి ఎవరో పిలిస్తే పరుగెత్తాను. అంతే, మర్చిపోయాను.

మధ్యాహ్నం ఒక గర్భిణి భర్తతో వచ్చింది. ఏడో నెలట. "బర్గర్ పూర్తిగా కాల్చమని చెప్పండక్కా, డాక్టరుగారు మరీమరీ చెప్పారు" అని నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. నేను అలాగే రాసిచ్చాను. సగం తిన్నాక ఆ అమ్మాయి చేతిలో ఉన్నదాని వంక చూసుకుని కేక పెట్టింది. లోపల ఎర్రగా, తడితడిగా ఉంది. భర్త లేచి నిలబడ్డాడు. ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి వేసుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

మేడమ్ పరుగున వచ్చి, "పొరపాటైంది, వేరేది చేయిస్తాం" అంది. దాంతో ఆ అమ్మాయి ఏడుపు ఇంకా పెరిగింది. అది పచ్చిదేనని మేమే ఒప్పుకున్నట్టయింది మరి.

గోల విని బావ బయటికొచ్చాడు. "భయపడకమ్మా, అది పూర్తిగా కాలింది. నేనే కాల్చాను."

"మాకు కళ్లు లేవనుకుంటున్నావా? ఆసుపత్రికి పద" అని భర్త ఆమెని లేవదీయబోయాడు.

బావ ప్లేటు వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. ఆయనకి మొత్తం అర్థమైపోయింది. నిజం చెబితే గ్రిల్ పోతుంది. నేను చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఏడుస్తున్న ఆ పిల్ల ఎదురుగానే, సిగ్గు లేకుండా.

"అది రక్తం కాదమ్మా, బీట్‌రూట్" అన్నాడు బావ. "మూడు నెలల నుంచీ ఎర్రగా అడిగినవాళ్లకి ఇలాగే ఇస్తున్నాను. మీకు పొరపాటున వచ్చింది. బాబూ, మీరు నాతో రండి."

భర్తని లోపలికి తీసుకెళ్లి, అదే గిన్నెలోంచి ముద్ద తీసి, అంచులు మాడేదాకా కాల్చి కోశాడు. లోపల ఎర్రగానే ఉంది. అతను ఆ ముక్కని తెచ్చి భార్యకి చూపించాడు. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని నీళ్లు తాగింది.

అప్పుడు లేచాడు లాయరుగారు. "అంటే మూడు నెలలు నన్ను వెధవని చేశావన్నమాట!"

"అవునండీ. ఇవ్వనని మొహం మీదే చెప్పాల్సింది. పని పోతుందని భయపడ్డాను. తప్పు నాదే" అని బావ చేతులు జోడించాడు. కైమా మాటెత్తితే మండిపడే మనిషి అంత నెమ్మదిగా మాట్లాడుతుంటే వినలేకపోయాను.

"ఎవరిదీ తెలివి?" అని అడిగింది మేడమ్, పళ్లు బిగించి.

"నాదేనమ్మా. ఇంకెవరికీ తెలియదు."

నేను అక్కడే ఉన్నాను. నోరు పెగల్లేదు. నా నోటికి అడ్డేముందని చెప్పుకున్నాను చూడండి, ఆ నోరే!

ఆయన ఏప్రన్ విప్పి మడతపెట్టి వెళ్లిపోయాడు. సోమవారానికల్లా మేడమ్ బర్గర్లన్నీ పూర్తిగానే కాల్చి ఇస్తామని మెనూ మార్పించింది. గ్రిల్ దగ్గరికి మాత్రం కొత్తవాడు వచ్చాడు.

బావకి ఇప్పుడు ఆసుపత్రి వంటింట్లో పని. అన్నీ ఉడకబెట్టడమే, కాల్చడమన్నదే లేదు. "రోగులకి కదే, మంచి పనే" అంటాడు. సంతలో మాంసం దుకాణం ముందు మాత్రం కాసేపు ఆగుతాడు. అక్క రోజూ సాధిస్తుంది. "ఎవరు చెప్పారండీ మీకు బీట్‌రూట్ కలపమని? చేతులారా పని పోగొట్టుకున్నారు" అంటుంది. ఆయన సరేలే అంటాడు. పక్కనే కూర్చున్న నాకు ముద్ద దిగదు.

మొన్న ఇక ఉండబట్టలేక, బావ స్నానానికి వెళ్లినప్పుడు అక్కతో చెప్పేశాను. ఆలోచన నాదని, కలిపిందీ నేనేనని, అంతా.

అక్క తువ్వాలు మడతపెడుతూ తల కూడా ఎత్తలేదు. "తెలుసే. ఆయనకంత తెలివెక్కడిది?"

"తెలిసి కూడా ఆయన్ని ఎందుకు తిడుతున్నావే?"

"నిన్నొక మాట అంటే ఆయన రెండు రోజులు నాతో మాట్లాడడు. ఒకసారి అని చూశానులే" అంది అక్క.