కొట్టు అరుగు మీద అడిగిన ప్రశ్న

నా పరిశోధన గ్రంథంలో ఒక విషయం రాయలేదు. నేను జనాన్ని ప్రశ్నలు అడిగింది మా నాన్న కొట్టు అరుగు మీద కూర్చుని. జవాబులు చెప్పినవాళ్లు ఆ కొట్టుకే ఉప్పు కోసం వచ్చినవాళ్లు. ‘క్షేత్ర పరిశోధన: కుంట వారపు సంత’ అని మాత్రం రాశాను. అందులో అబద్ధం లేదు. అడిగింది సంత రోజే. అరుగు ఉన్నదీ సంతలోనే.

మాది సరిహద్దు ఊరైన కుంటలో వ్యాపారం చేసుకునే తెలుగు కుటుంబం. నా చిన్నప్పుడు అడవి ఊళ్ల నుంచి దోర్ల గిరిజనులు సారపప్పు తెచ్చి ఉప్పు తీసుకుపోయేవాళ్లు. సోలెడు పప్పుకు సోలెడు ఉప్పు. పట్నంలో ఆ పప్పు ధర ఉప్పు ధరకు ఎన్నో రెట్లు. ఏది ఎంత విలువైనదో మా ఇంట్లో అందరికీ తెలుసు. దాని గురించి ఎవరం మాట్లాడేవాళ్లం కాదు. పీహెచ్‌డీకి నేను ఆ మార్పిడినే తీసుకున్నాను. అది నమ్మకం మీద నడిచిందనీ, అడవి జనం ఇష్టపడే అలా ఇచ్చిపుచ్చుకున్నారనీ నా వాదన. పట్టా వచ్చింది, జగదల్‌పూర్‌లో కాలేజీ ఉద్యోగం వచ్చింది. నాన్న ఆ గ్రంథానికి ప్లాస్టిక్ కవరు తొడిగి, వచ్చినవాళ్లకు కనబడేలా గల్లాపెట్టె పక్కన పెట్టుకున్నాడు.

ఆఖరి సంవత్సరం పిల్లలకు ప్రాజెక్టు రాయడం నేర్పేది నేనే. మాటలు బోర్డు మీద హిందీలో రాసి, సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు తెలుగులో విడమరిచి చెబుతాను. వాదన అంటే నువ్వు నిలబడే మాట. ఆధారం అంటే ఆ మాటను నిలబెట్టేది. మూలం అంటే ఆ ఆధారం ఎవరి దగ్గర దొరికిందో అది. ప్రతివాదం అంటే ఎదుటివాళ్లు అనగలిగిన గట్టి మాట, దాన్ని దాచకుండా నువ్వే ముందు చెప్పాలి. చివరిది పరిమితి. నీ పరిశోధన ఎక్కడ ఆగిపోయిందో, నువ్వు ఎవరివై ఉండి అడిగావో ఒప్పుకోవడం. ఆ చివరి మాటను ఎప్పుడూ గంట కొట్టే ముందే ఎత్తుకునేవాణ్ణి, సగంలోనే వదిలేసేవాణ్ణి.

పోయిన ఏడాది కిష్టారం వైపు నుంచి వచ్చిన ఒక దోర్ల అమ్మాయి తన ప్రాజెక్టును క్లాసులో చదివి వినిపించింది. విషయం ఉప్పు, సారపప్పు. ఆ మార్పిడి ఇష్టంతో జరగలేదని ఆమె వాదన. ప్రతివాదంగా, ఎంతో మర్యాదగా, నా గ్రంథాన్ని చూపించింది. ఆధారం ఆమె అవ్వ మాట. అప్పటిదాకా హిందీలో చదువుతున్నది, అక్కడికి వచ్చేసరికి తెలుగులోకి మారింది.

“అవ్వ సంతల మాట్లాడినట్టే చదువుత సార్. ‘షావుకారి కొడుకు ఒకడు పెద్ద సదువు సదువుతుండె. సోలకు సోల మీకిష్టమేనా అని నన్నడిగిండు. షావుకారు లోపట బువ్వ తింటున్నడు. ఇష్టమేంది బిడ్డా, ఉప్పు ఇంకేడ దొరుకుతది అన్న. అంతల షావుకారు మూతి తుడుసుకుంట బయటికొచ్చిండు. పిలగాడు మల్ల అడిగిండు. ఆ, మంచిగనే ఇస్తడు అన్న. పిలగాడు అదే రాసుకున్నడు.’”

ఆ పిలగాణ్ణి నేనే. ఆ అమ్మాయికి తెలియదు. నాన్న మూతి తుడుచుకుంటూ రావడం నాకూ గుర్తుంది. ఆ రోజు మా ఇంట్లో చేపల కూర.

వెనక బెంచీలోంచి ఒకడు అన్నాడు: “మీ అవ్వ ఎలక్షన్ల నిలబడొచ్చు. మనిషికో మాట చెప్తది!”

“నిలబడితే నీ ఓటు పడదులే. నువ్వు కోడిని కోసినోళ్లకేస్తవ్,” అని ఆమె కూడా నవ్వుతూనే అంది.

వాణ్ణి నేను గద్దించి ఉండాల్సింది. దానికి బదులు వాడి మాటనే అందుకున్నాను.

“వాడన్నది నిజమే. ఒకే రోజు రెండు మాటలు చెప్పే మనిషి మూలంగా పనికిరాదు. వాదన మార్చుకో. లేకపోతే నేను సంతకం పెట్టను.”

ఈసారి క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

“భయముంటే ఎవరైన రెండు మాటలు చెప్తరు గద సార్. ఎవరి ముంగట చెప్పిందో, అది గూడ ఆధారమే గద?”

“టైమయిపోయింది. కూర్చో.”

గంట ఇంకా కొట్టలేదు.

ప్రాజెక్టు లేకపోతే ఆమెకు ఆ ఏడు డిగ్రీ రాదు. కొన్నాళ్లకు కొత్తగా రాసుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. చదివాను. నా వాదనే, ఆమె చేతిరాతలో. ప్రతి పేజీ అడుగున మూలం అన్నచోట నా పేరు. అవ్వ ఎక్కడా లేదు.

“ఇట్లుంటే సరేనా సార్?”

ఎత్తిపొడుపేమోనని మొహంలోకి చూశాను. కాదు. అలసిపోయి ఉంది. నేను పెన్ను మూత తీశాను కూడా. ఆ రోజు సంతకం పెట్టి ఉంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. కానీ వాళ్ల అవ్వ నోరు నేను మూయించింది చాలక, ఇప్పుడు ఈ పిల్ల చేతనే మూయిస్తున్నానని అనిపించి మూత మళ్లీ పెట్టేశాను.

“మొదట రాసింది ఉందా?”

“ఉంది. పారెయ్యాల్నా?”

“అదే తీసుకురా. దాని మీద సంతకం పెడతాను.”

“వాదన మార్చుమంటిరి గద?”

“ఆ షావుకారి కొడుకుని నేనే.”

 ఆమె బల్ల మీది కాగితాలు తీసుకుని, అంచులు సరిచేసుకుని, అప్పుడంది: “క్లాసుల అంటిరి సార్. అందరు నవ్విన్రు.”

మరుసటి క్లాసులో చెప్పాను. ఎక్కడ కూర్చుని అడిగానో, ఏ జవాబు వదిలేశానో అన్నీ చెప్పాను. వెనక బెంచీ వాడు తల దించుకున్నాడు. చెప్పడం అయిపోయాక నాకు కొంచెం గర్వంగా అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే అందుకూ సిగ్గేస్తుంది. బయటికి వస్తుంటే ఆ అమ్మాయి గుమ్మం దగ్గర ఆగి ఉంది.

“వీళ్లకు చెప్పిన్రు, మంచిదే. అవ్వ సంతకొస్తది సార్.”

నాన్న పోయాక కొట్టు మా తమ్ముడు చూసుకుంటున్నాడు. సంత రోజు వెళ్లేసరికి అవ్వ దానికి ఎదురుగానే చింతపండు పోసుకుని కూర్చుంది. పక్కన మనవరాలు. ‘కొంచెం పక్కకు రా అవ్వా, చాయ్ తాగుతూ మాట్లాడుకుందాం’ అన్నాను. తమ్ముడి ఎదుట కాకూడదని నా ఆలోచన.

“పక్కకెందుకు? ఏం దొంగతనం జేసినవ్?” అంది అవ్వ. “మీ అరుగు మీద నీడుంది. ఆడనే కూసుందాం.”

రోడ్డు దాటి వచ్చి, అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను.

“ఏంది అవ్వా, కొట్టు కొనేటట్టున్నవ్?” అన్నాడు తమ్ముడు తక్కెట్లో పప్పు పోస్తూ.

“మీ నాయినుంటె కూసోనిస్తుండెనా? ఆనాడు నిలవడే చెప్పిన.” నా వైపు తిరిగింది. “నువ్వు కూసుండి రాసుకున్నవ్. ఇగ అడుగు, మల్ల ఏమడుగుతవో.”

ఆమె నిలబడి ఉందన్నది నాకు గుర్తే లేదు. నేను అరుగు దిగి కింద నిలబడ్డాను. తమ్ముడు తక్కెడ ఆపి చూస్తున్నాడు. మనవరాలు రోడ్డుకు అవతల చింతపండు దగ్గరి నుంచి చూస్తోంది.

“అడగడానికి రాలేదవ్వా, చెప్పడానికొచ్చిన. నువ్వు ముందు చెప్పిందే నిజమని నాకు ఆనాడే తెలుసు. మా నాయిన వచ్చినంక చెప్పిందే రాసుకున్న. దాంతోనే ఉద్యోగం తెచ్చుకున్న. మొన్న పిల్లలందరి ముంగట నీ మాట పనికిరాదన్న, నీ మనవరాలిని నవ్వులపాలు జేసిన. తప్పు నాదవ్వా. నన్ను మన్నించు.”