పైకి మాత్రమే చూడవలసిన దుర్భిణి

1961లో నన్ను నల్లగొండ జిల్లా రామన్నపేటకు కొంత దూరంలోని ఒక పంచాయతీ సమితికి సోషల్ ఎడ్యుకేషన్ ఆర్గనైజరుగా వేశారు. వయోజన విద్య, పంచాయతీ రేడియో, భజన మండళ్లు మా పని. ఏ శాఖకూ చెందని పని ఏదైనా మాకే చెందేది. అందుకే ప్రజల్లో విజ్ఞానం పెంచమని పైనుంచి ఒక దుర్భిణి వస్తే, బీడీవోగారు పెట్టె మూత కూడా తీయకుండా నా బల్ల మీదికి తోశారు.

దాని కోసం నాకంటే ఆత్రంగా ఎదురుచూసింది ఆడవాళ్ల చదువుల కేంద్రం నడిపే పంతులమ్మ అనసూయమ్మ. పగలంతా గొర్రెల వెంట తిరిగి అలసినవాళ్లు సాయంత్రం పలక పట్టడానికి రావడం మానేస్తున్నారు. తనిఖీ నాటికి మనుషులు లేకపోతే కేంద్రం మూసేస్తారు. "చందమామను చూపిస్తనని మాటిచ్చిన సార్. గా మాట గూడ తప్పితే ఇగ రారు," అన్నది.

ప్రారంభోత్సవం సమితి ఆఫీసు మిద్దె మీద. అష్టమి చందమామ నడినెత్తిన ఉన్నాడు గాని పొద్దు ఇంకా గూకలేదు. ప్రారంభించడానికి వచ్చిన సమితి ప్రెసిడెంటుగారికి ఓపిక తక్కువ. దుర్భిణిని ఊరి మీదికి దించి, తన చేతిలో ఓడి వైస్ ప్రెసిడెంటు పదవితో సరిపెట్టుకున్న పటేలుగారి ఇంటి వైపు పెట్టించారు.

"వారెవ్వ! పటేల్ ఇల్లు తలకిందులైంది! మస్తుగున్నది సర్కారు దుర్బీన్!" అని పడీపడీ నవ్వారు. వెంట వచ్చినవాళ్లంతా వరసగా చూసి, హోదాకు తగ్గట్టు నవ్వారు. బీడీవోగారికి స్వామిభక్తి ఒక పాలు ఎక్కువ. దుర్భిణిని ప్రెసిడెంటుగారు కొత్తగా కట్టించుకున్న బంగ్లా వైపు తిప్పి, చూడమని వంగి నిలబడ్డారు. నవ్వు ఆగిపోయింది.

ఆకాశాన్ని చూసే దుర్భిణిలో ఏదైనా తలకిందులుగానే కనబడుతుంది. సరిచేయాలంటే మరో అద్దం కావాలి. చుక్కలకు కిందా మీదా లేదు గనుక ఆ అద్దం పెట్టరు. ఈ సంగతి నేను విన్నవించేలోపే బీడీవోగారు "మిషన్ ఖరాబైంది సార్, వాపసు పంపుదాం" అని పెట్టె తెప్పించారు. మెట్ల దగ్గర అనసూయమ్మ, ఆమె వెంట వచ్చిన ఆడవాళ్లు ఇంకా నిలబడే ఉన్నారు. నాకు ఒళ్లు మండింది.

ప్రెసిడెంటుగారి చెవిలో ఒక మాట వేశాను. వాపసు పోయేదాకా పెట్టె ఆఫీసులోనే ఉంటుందని, పటేలుగారు వచ్చి అందులో ప్రెసిడెంటుగారి బంగ్లా చూస్తానంటే వైస్ ప్రెసిడెంటును కాదనే అధికారం నాకు లేదని.

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నారు. "ఇగ గిది పైకే చూడాలె. కిందికి దించినోని నౌకరి పోతది. గా ఆడోళ్ల బడికిచ్చెయ్యి. ఆళ్లకు చూసుకోను బంగ్లాలు లేవు," అన్నారు.

పొద్దు గూకగానే ఆడవాళ్లు మిద్దెక్కారు. మొదట కన్ను పెట్టిన మల్లవ్వ ఉలిక్కిపడింది. "అయ్యో, చందమామకు గూడ అమ్మోరు పోసిందా! మొఖమంత గుంతలే!" అని నొచ్చుకుంది. మర్నాడు తోడికోడళ్లను కూడా వెంటబెట్టుకొని బడికి వచ్చింది. కేంద్రం నిలిచింది.

పెద్దవాళ్లకు అక్కరకొచ్చినంత కాలం ఏ సర్కారు సామానూ జనం దాకా రాదని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా కొత్త సామాను ఏది వచ్చినా, అందులో వాళ్లకు ఇబ్బంది కలిగించే గుణం ఏముందా అని ముందు వెతికేవాణ్ణి.