ముక్కూ ముక్కూ ఆనిన బాణాలు

“మీ నాన్న ఓడలోంచి ఎత్తుకొచ్చిన సామాను నా ఇంట్లో ఎందుకే? ఠాణావాళ్ళొచ్చి అడిగితే నన్నేం చెప్పమంటావు?”

“ఎత్తుకొచ్చింది కాదత్తయ్యా. నీలామీలో వేలం పాడి కొన్నాడు. ఎన్నిసార్లు చెప్పను?”

“కొంటే రసీదేది?”

“దాని మీదే ముద్ర కొట్టిచ్చారని చెప్పేవాడు.”

“దొంగసొమ్ముకి ముద్ర కూడానా.”

కోడలు గరిటె కింద పెట్టింది. “పోయినోణ్ణి అంతమాట అనకండి.”

“పోతే మాత్రం దొంగ దొరైపోతాడేటి?” అన్నాను.

అది ఇత్తడి సిగ్నల్ పిస్తోలు. గొట్టంలో బొటనవేలు దూరుతుంది. గుండు పేలదు, రంగు మంట ఆకాశంలోకి లేస్తుంది, దూరాన ఉన్న ఓడ చూసుకుంటుంది. కోడలి తండ్రి పోర్ట్ బ్లెయిర్‌లో సర్కారు బోటు మీద ఖలాసీ. ఇంగ్లీషువాళ్ళు వెళ్ళిపోయాక పాత సామాను వేలం వేస్తే కొన్నానని చెప్పేవాడట. కూతురికి ఆయన వదిలింది అదొక్కటే. నేను మాత్రం మా మాయాబందర్ చర్చిలో అది దొంగసొమ్మని ఇద్దరు ముగ్గురి చెవిన వేశాను. ఆ తర్వాత ఆరాధన అయ్యాక కోడలితో ఎవరూ నిలబడి మాట్లాడేవారు కాదు.

ఆ వారం తుపాకులున్నవాళ్ళు వచ్చి చెప్పుకోవాలని ఠాణా నుంచి కబురొచ్చింది. కొడుకు ఓడ మీద ఉన్నాడు. జెట్టీ దగ్గర నేవీలో సిగ్నల్ పని చేసి రిటైరైన ముసలాయన ఉంటే, ముద్ర చూపిద్దామని పిస్తోలు పట్టుకుని కోడలూ నేనూ వెళ్ళాం.

ఆయన భూతద్దం తీశాడు. “దేఖో దీదీ, కాకికాలు లాంటి ఈ బాణం ఇంగ్లీషు సర్కారు సొత్తని గుర్తు. పక్కన ఎన్ అక్షరం, అంటే నేవీది. కిరీటం కింద అంకె పరీక్ష చేసి పాస్ చేసినోడిది. సాల్, అంటే చేసిన ఏడాది, ఇక్కడుంది, మొదటి యుద్ధం నాటిది.”

“అమ్మేసిందని ఎలా తెలుస్తాది చాచా?” అంది కోడలు. 

“అమ్మేటప్పుడు ఇంకో బాణం కొడతారు బేటీ. మొదటిదానికి ఎదురుగా, ముక్కూ ముక్కూ ఆనించి. అది ఉంటే మీ నాన్న సచ్చా ఆద్మీ. ఠాణాలో నేనే వచ్చి చెప్తాను.”

కిటికీ వెలుగులోకి తిప్పి చూశాడు. గోటితో తడిమాడు. “ఒకటి తెలుస్తోంది. రెండోది ఉండాల్సిన చోట అంతా అరిగిపోయింది. ఎవరు తోమారిలా?”

“నేనే,” అంది కోడలు.

తోమింది అదే, తోమించింది నేను. క్రిస్మస్ ముందు ఇంట్లో ఇత్తడంతా మెరవాలి. డబ్బా పాలిష్ దండగని చింతపండు, ఇటికపొడి ఇచ్చేదాన్ని. చెంబులు, దీపాలు, వాటితో పాటు పిస్తోలు. మెరవలేదని ఇంకోసారి తోమమనేదాన్ని. తొమ్మిది క్రిస్మస్‌లు అలా తోమింది.

“అరగకముందు ఎవరన్నా చూశారా?” ఆయన నా వైపు తిరిగాడు.

నేను చూశాను. కోడలు కాపురానికి వచ్చిన రోజు దాని పెట్టె తెరిచి ఒక్కో వస్తువూ తిరగేసింది నేనే. రెండు బాణాలున్నాయి, ఒకదాని ముక్కుకి ఇంకోదాని ముక్కు ఆనించి. అప్పుడు ఏదో నగిషీ అనుకున్నాను.

“మూడో తరగతి చదివినదాన్ని. గుర్తులు నాకేం తెలుస్తాయి భయ్యా,” అన్నాను.

“అయితే ఒక్క బాణమే. సర్కారుదనే రాసుకుంటారు.”

దారిలో కోడలు ఒక్కసారే అడిగింది. “నిజంగా చూళ్ళేదా అత్తయ్యా? ఆ రోజు పెట్టె మీరే సర్దారు కదా.”

“చూళ్ళేదు.”

చూశానంటే తొమ్మిదేళ్ళుగా నేనన్న మాటలన్నీ దాని ముందే మింగాలి. చర్చిలో ఆ ఇద్దరు ముగ్గురికీ మళ్ళీ చెప్పుకోవాలి. పోయినవాడి పరువు కంటే బతికున్న నా మాట ముఖ్యమనుకున్నాను. అంతే. అందులో వేరే కారణమేమీ లేదు. ఆ రాత్రి అన్నం తిన్నాను, నిద్రా పట్టింది.

పొద్దున్నే కోడలు పిస్తోలును పాత తువ్వాలులో చుట్టి ఠాణాకి తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను. తన తండ్రి సర్కారు సామాను ఇంట్లో ఉంచుకున్నాడని వాళ్ళు రాసిన కాగితం మీద అది సంతకం చేసింది. సాక్షి కావాలన్నారు. నేను చేశాను.